కత్తెర పడని పాటలు

(ఒక ఫిల్మ్ క్లబ్ నెలవారీ సమావేశంలో, సినిమా ఎడిటర్‌గా పనిచేసి రిటైరైన ఒకాయన చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో తెర మీద వేసి చూపించిన దృశ్యాలను బ్రాకెట్లలో సూచించాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? మైకు ఇంకొంచెం పెంచండి బాబూ. ఆఁ, చాలు.

హాలీవుడ్ డ్యాన్సుల మీద మాట్లాడమంటే, నన్నెందుకు పిలిచారని మీ సెక్రటరీగారిని అడిగాను. "మీరు పాటలు బోలెడు కట్ చేశారు కదండీ" అన్నారు. అదైతే నిజమే. నాకు డ్యాన్సు రాదు. మా అమ్మాయి పెళ్ళిలో సంగీత్ అని పెట్టి నన్ను కూడా లాగి నాలుగు అడుగులు వేయించారు. ఆ వీడియో ఇప్పటికీ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో తిరుగుతూనే ఉంది. (నవ్వులు) నాది కత్తెర పని. అందుకని ఇవాళ కత్తెర పట్టుకున్నవాడి వైపు నుంచే మాట్లాడతాను.

ముందు ఒక పాట సంగతి చెప్పాలి. పేర్లు అడగొద్దు. హీరోగారికి అడుగు పడదు. డ్యాన్స్ మాస్టర్ మంచి పనిమంతుడు, పాపం రెండు రోజులు తంటాలు పడ్డాడు. మూడో రోజు నా దగ్గరకొచ్చి, "రెండు కౌంట్లకి మించి నిలవట్లేదన్నా, ఇక నువ్వే చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. ముఖం ఒక ముక్క. పాదాలు ఒక ముక్క, అవి హీరోవి కాదు, మాస్టర్ దగ్గర అసిస్టెంటువి. చెయ్యి ఒక ముక్క, గ్రూప్ డ్యాన్సర్లు ఒక ముక్క, పూలచెట్టు ఒక ముక్క, మళ్ళీ ముఖం. సినిమా విడుదలయ్యాక హాల్లో చూస్తుంటే నా పక్క సీట్లో కుర్రాడు ఈల వేసి, "మావాడు ఇరగదీశాడ్రా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ డ్యాన్సు చేసింది నేను, కుర్చీలో కూర్చుని!

అప్రెంటిసుగా ఉన్న రోజుల్లో, మద్రాసులో, మా గురువుగారు ఒక ఆదివారం నన్ను ఉదయం ఆటకు పంపారు. 1974లో ఎం.జి.ఎం. వాళ్ళు తమ పాత మ్యూజికల్స్‌లోని పాటల ముక్కలన్నీ కలిపి 'దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్' అని ఒక సినిమా వదిలారు. అది. "ఊరికే చూసి రాకు, కట్లు లెక్కపెట్టుకు రా" అన్నారు. జేబులో చిన్న నోటుబుక్కు, పెన్సిలు. చీకట్లో గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. కొంతసేపటికి తెర మీదకి ఫ్రెడ్ అస్టేర్, ఎలినార్ పవెల్ అనే ఇద్దరు డ్యాన్సర్లు వచ్చారు. 'బ్రాడ్‌వే మెలొడీ ఆఫ్ 1940'లో పాట, కోల్ పోర్టర్ బాణీ. నలుపు తెలుపు. అద్దంలాంటి నేల, దాంట్లో వాళ్ళ నీడలు తలకిందులుగా ఆడుతున్నాయి.

పాట అయిపోయింది. నోటుబుక్కు చూసుకుంటే దాదాపు గీతల్లేవు. లెక్కపెట్టడం మర్చిపోయాననుకుని భయం వేసింది. సోమవారం ఆయనకి అదే చెప్పాను, మర్చిపోయానండీ అని. ఆయన నవ్వి, "మర్చిపోలేదురా, అక్కడ లెక్కపెట్టడానికి ఏముందని?" అన్నారు.

ఆ ముక్క చూద్దాం. బాబూ, మొదటిది వెయ్యండి.

(దృశ్యం)

చూశారా. ఇద్దరు మనుషులు, తల నుంచి పాదం దాకా. కెమెరా వాళ్ళతోపాటు పక్కకి జరుగుతోంది, వాళ్ళు దూరమైతే కొంచెం వెనక్కి తగ్గుతోంది, అంతే. దానికి సొంత తెలివితేటలేమీ లేవు. ఇది అస్టేర్ పెట్టిన షరతు. 1933లో ఆర్.కె.ఓ. స్టూడియోకి వచ్చి సినిమాల్లో అడుగుపెట్టిన కొద్ది రోజులకే ఈ పట్టు పట్టాడు: నేను ఆడుతున్నంతసేపూ నా ఒళ్ళంతా ఫ్రేములో ఉండాలి, వీలైనంతవరకు ముక్కలు చెయ్యకూడదు. అంతకుముందు ఏం చేసేవాళ్ళంటే, డ్యాన్సు నడుస్తుండగా పాదాల క్లోజప్ వేసేవాళ్ళు, తర్వాత ఎవరో ప్రేక్షకుడు నోరు తెరుచుకుని చూస్తున్నట్టు రియాక్షన్ షాటు వేసేవాళ్ళు. రియాక్షన్ షాట్ అంటే ఏమిటో నన్నడగండి. అది మా ఎడిటర్ల దొడ్డిదారి. తప్పు ఎక్కడ దొర్లిందో అక్కడ పెడతాం దాన్ని. చూసేవాడికి "ఆహా అనాలి కాబోలు" అనిపిస్తుంది, ఈలోపు మేము టేకు మార్చేస్తాం.

అస్టేర్ ఆ దొడ్డిదారికి తలుపు వేసేశాడు. అప్పుడిక దాక్కోవడానికి చోటుండదు. మూడు నిమిషాల డ్యాన్సులో రెండు నిమిషాల యాభై సెకన్ల దగ్గర కాలు తడబడితే మళ్ళీ మొదటి నుంచి రావాలి. 1936లో 'స్వింగ్ టైమ్' సినిమాలో చివరి డ్యాన్సుకి 47 టేకులు అయ్యాయి. అస్టేర్‌కి జోడీగా ఆడిన జింజర్ రోజర్స్ బూట్లలో రక్తం వచ్చింది. తెర మీద ఆవిడ మెట్లెక్కుతూ గిరగిరా తిరిగే చోట చూడండి, గాలి తీసుకెళ్తున్నట్టే ఉంటుంది. నలభై ఏడోసారి చేస్తున్న మనిషిలా ఉందా?

నా మటుకు నాకు ఈ పాటల ఆకర్షణలో సగం ఇదే. కళ్ళ ముందు ఒక మనిషి ఒక పనిని ఆపకుండా, అతుకు లేకుండా పూర్తిచేస్తున్నాడు. సర్కస్‌లో తాడు మీద నడిచేవాణ్ణి చూస్తూ మనం ఊపిరి బిగబట్టినట్టే ఇదీను. ఒక్క తేడా ఏమిటంటే తాడు మీదవాడు తను పడుతున్న కష్టం మనకి కనిపించనిస్తాడు. అస్టేర్ కనిపించనివ్వడు.

కాని ఒక గుట్టు విప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను. బొమ్మకి అతుకుల్లేవు సరే, చప్పుడికి ఉన్నాయి. ట్యాప్ డ్యాన్సులో బూటు కింద లోహపు రేకు ఉంటుంది కదా, ఆ టకటకలు మనం వినేవి షూటింగులో పుట్టినవి కావు. బొమ్మ తీశాక విడిగా స్టూడియోలో, తెర మీద చూసుకుంటూ మళ్ళీ ఆడి రికార్డు చేసేవాళ్ళు. మన డబ్బింగ్ లాంటిదే, కాళ్ళకి డబ్బింగ్. తమాషా ఏమిటంటే జింజర్ రోజర్స్ అడుగుల చప్పుడు చాలాసార్లు ఆవిడది కాదు. హెర్మీస్ పాన్ అని అస్టేర్‌కి కుడిభుజంలాంటి డ్యాన్స్ మాస్టర్, ఆయనది. రిహార్సల్స్‌లో కూడా మొదట ఆయనే జింజర్ స్థానంలో నిలబడి అస్టేర్‌తో అడుగులన్నీ కుదుర్చుకునేవాడు. ఆ తర్వాత ఆవిడకి నేర్పేవాడు.

ట్యాప్ అంటే మనలో చాలామందికి పరాయిదిగా అనిపిస్తుంది గాని, మీలో ఎవరైనా కూచిపూడి తరంగం దగ్గర నుంచి చూశారా? ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి మృదంగంతో పోటీగా జతులు వేస్తుంటే, ఒక దశలో మనం చూడటం మానేసి వినడం మొదలుపెడతాం. ట్యాప్ కూడా అంతే. నల్లవాళ్ళ తాళం, ఐరిష్‌వాళ్ళ కాళ్ళు అమెరికాలో కలిసి పుట్టిన విద్య అది. కాళ్ళే మృదంగం.

(ప్రేక్షకుల్లోంచి: "సార్, మరి పైనుంచి పువ్వుల్లాగా తీసిన పాటలుంటాయి కదా, అవి?")

వస్తున్నానమ్మా, బజ్‌బీ బర్క్‌లీ దగ్గరికే వస్తున్నాను. ఈయన అస్టేర్‌కి పూర్తిగా ఉల్టా. ఈయన డ్యాన్సు నేర్చుకున్నవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో లెఫ్టినెంటుగా ఉండి సిపాయిల చేత కవాతు చేయించిన మనిషి. హాలీవుడ్‌కొచ్చి సిపాయిల బదులు అమ్మాయిల చేత చేయించాడు. వాళ్ళలో ఏ ఒక్కరికీ గొప్పగా డ్యాన్సు రానక్కర్లేదు. వరసలో ఉంటే చాలు. కెమెరాని సెట్టు కప్పు దాకా తీసుకెళ్ళాడు, అదీ చాలకపోతే కప్పుకి కన్నం పెట్టించాడు. పైనుంచి చూస్తే వంద మంది అమ్మాయిలూ కలిసి ఒక ముగ్గు. సంక్రాంతికి మేడ మీద నుంచి వీధిలో ముగ్గులు చూస్తాం చూడండి, అలాంటిదే. కాకపోతే ఈ ముగ్గులో చుక్కలు కదులుతాయి, విచ్చుకుంటాయి, మళ్ళీ మూసుకుంటాయి.

1933లో ఒక్క ఏడాదిలోనే వార్నర్ బ్రదర్స్‌కి 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్', 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933', 'ఫుట్‌లైట్ పరేడ్' మూడింటికీ పాటలు తీశాడు. అప్పుడు అమెరికాలో నలుగురు పనివాళ్ళలో ఇంచుమించు ఒకరికి పని లేదు. బ్యాంకులు మూతపడుతున్నాయి. అలాంటప్పుడు హాల్లోకెళ్తే తెర నిండా నాణేలు ఒంటికి కట్టుకున్న అమ్మాయిలు, మనకి డబ్బే డబ్బు అని పాడుతున్నారు. అది 'గోల్డ్ డిగ్గర్స్'. అదే సినిమా చివర్లో ఒకప్పుడు యుద్ధానికి పోయొచ్చిన సిపాయిలు గంజి కోసం వరసలో నిలబడే పాట పెట్టాడు. రెండూ ఒకే మనిషి తీసినవి. ఆ చివరి పాట చూస్తే బర్క్‌లీని ఉత్త ముగ్గులవాడని తీసిపారేయలేం.

ఆ సినిమాలోనే ఇంకో సంగతి. అమ్మాయిలందరి చేతుల్లో నియాన్ దీపాలు అమర్చిన వయొలిన్లు. షూటింగ్ నడుస్తుండగా 1933 మార్చి 10న లాంగ్ బీచ్ భూకంపం వచ్చింది. కరెంటు పోయింది. ఎత్తైన మెట్ల మీద అమ్మాయిలు, వైర్లు, చిమ్మచీకటి. ఎవరూ కదలొద్దు, ఉన్నచోటే కూర్చోండని బర్క్‌లీ అరిచాడట. కవాతు నేర్పిన గొంతు ఆ రోజు పనికొచ్చింది.

మన దగ్గర ఇసక తిన్నెల మీద, చెరువు గట్ల మీద వందల బిందెలు పేర్చి పాటలు తీసిన రోజులున్నాయి కదా. (నవ్వులు) నవ్వకండి, నేను అలాంటివి రెండు కట్ చేశాను. అవి ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరైనా అడిగితే నేను బర్క్‌లీ వైపు చూపిస్తాను. నేరుగా చూసి తీశారని కాదు, ఆ బుద్ధి ఒకటే అంటున్నాను. ఒకే వస్తువుని వందసార్లు పెడితే కంటికి మత్తెక్కుతుంది.

నాకు మాత్రం బర్క్‌లీ పాట రెండోసారి చూడాలనిపించదు. అస్టేర్ పాట ఇరవయ్యోసారి చూస్తాను. ముగ్గు ఎంత బాగున్నా ముగ్గుతో ప్రేమలో పడలేం కదా.

ప్రేమ అంటే గుర్తొచ్చింది. అస్టేర్, జింజర్ కలిసి పది సినిమాలు చేశారు. తొమ్మిది 1933 నుంచి 1939 లోపు, పదోది పదేళ్ళ తర్వాత. మొదటి కొన్నింటిలో వాళ్ళు తెర మీద ముద్దు పెట్టుకున్న పాపాన పోలేదు. 1934 మధ్య నుంచి హాలీవుడ్‌లో సెన్సార్ నియమాలు గట్టిగా అమలయ్యాయి, మంచం సీన్లు లేవు, ముద్దుకి కూడా కొలతలు. మరి వీళ్ళు ప్రేమించుకున్నారని చూసేవాళ్ళకి ఎలా తెలియాలి? డ్యాన్సులో. ప్రతి సినిమాలోనూ వరస ఇంచుమించు ఇంతే. అతను వెంటపడతాడు, ఆవిడ విసుక్కుంటుంది. సంగీతం మొదలవుతుంది. ఆవిడ వెళ్ళిపోబోతుంది, అతను దారికి అడ్డంగా ఒక అడుగు వేస్తాడు. ఆవిడ ఇంకో వైపు తిరుగుతుంది, అక్కడా ఒక అడుగు. మూడోసారి ఆవిడ అడుగు అతని అడుగుతో కలుస్తుంది. అంతే, మాటలతో అరగంటలో కానిది ఎనిమిది కౌంట్లలో అయిపోయింది. మన అలక పాటల్లో ఇది లేదూ? సెన్సార్ మనకీ ఉంది, చిటపట చినుకులూ మనకీ ఉన్నాయి.

'టాప్ హ్యాట్', 1935. అందులో జింజర్ వేసుకున్న గౌను నిండా ఉష్ట్రపక్షి ఈకలు. ఆవిడే పట్టుబట్టి కుట్టించుకుంది. తిరిగినప్పుడల్లా ఈకలు రాలి అస్టేర్ ముఖం మీద, కోటు మీద పడుతున్నాయి. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఆవిడకి 'ఫెదర్స్' అని పేరు పెట్టి ఏడిపించాడు, బంగారంతో చేసిన చిన్న ఈక ఒకటి బహుమతిగా కూడా ఇచ్చాడు. ఇప్పుడు ఆ ముక్క వేస్తారు. మీరు వాళ్ళని చూడొద్దు, నేల మీదకి, గాలిలోకి చూడండి.

(దృశ్యం)

అదిగో, కనిపించిందా? ఈక తేలుతోంది. మా కాలంలో ఏ నిర్మాతైనా అది చూసి, "ఆ ముక్క తీసేసి ఇంకో యాంగిల్ వెయ్యవయ్యా" అనేవాడు. ఇంకో యాంగిల్ ఉంటే కదా! టేకు మొత్తం బాగుంది, ఈక కూడా అందులో భాగమైపోయింది. ఇప్పుడు ఆ ఈక లేకుండా నేను ఆ పాటని ఊహించుకోలేను.

జింజర్ గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. అస్టేర్ చేసిందంతా ఆవిడా చేసింది, అదీ వెనక్కి నడుస్తూ, హైహీల్స్ మీద, అని. అది 1982లో ఒక పత్రిక కార్టూన్‌లో వచ్చిన మాట. కార్టూనే అయినా లెక్క సరిగ్గా ఉంది.

సరే, జీన్ కెలీ. అస్టేర్ టోపీ, తోకకోటు మనిషి. చేతులు పెద్దవని మొహమాటపడి మధ్య రెండు వేళ్ళు ముడిచి పెట్టుకునేవాడు, చూస్తే అదే ఒక స్టైల్ అనిపిస్తుంది. కెలీ పిట్స్‌బర్గ్ నుంచి వచ్చినవాడు, కండలు తిరిగిన ఒళ్ళు. టీషర్టు, పొట్టి ప్యాంటు, మామూలు బూట్లు, తెల్ల మేజోళ్ళు. మేజోళ్ళు తెల్లవి ఎందుకంటే మన కన్ను పాదాల మీదకి వెళ్ళాలని. అస్టేర్‌ని చూస్తే అతను నేల మీద నుంచి లేచిపోతాడేమో అనిపిస్తుంది, కెలీని చూస్తే నేల అతనిదే అనిపిస్తుంది.

'సింగిన్ ఇన్ ద రెయిన్', 1952. ఆ వాన పాట మీలో చూడనివాళ్ళు తక్కువ. అందుకే వెయ్యడం లేదు, కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకోండి. అమ్మాయిని ఇంటి దగ్గర దింపాడు. గుమ్మంలో ముద్దు. కారుని పంపించేశాడు. గొడుగు వేసుకుని నడుస్తున్నాడు, కూనిరాగం తీస్తున్నాడు. ఇంకా డ్యాన్సు మొదలవలేదు. గొడుగు ముడిచాడు. ఏ బుద్ధున్నవాడూ వానలో గొడుగు ముడవడు. పాట మొదలైంది అక్కడే. తర్వాత దీపస్తంభం ఎక్కడాలు, చూరు నీళ్ళు నెత్తిన పోయించుకోవడాలు, మడుగులో పిల్లాడిలా గెంతడాలు. చివరికి పోలీసు వచ్చి గుడ్లురిమి చూస్తాడు. కెలీ తలవంచుకుని, దారిన పోయే ఇంకొకాయనకి గొడుగిచ్చేసి వెళ్ళిపోతాడు. మొత్తం పాటలో షాట్లు పది అటూ ఇటూ.

ఆ రోజు అతనికి 103 డిగ్రీల జ్వరం. రాత్రి సీను, పగలు తీశారు, స్టూడియోలో వేసిన వీధి మీద నల్ల టార్పాలిన్లు కప్పి. ఆ మడుగులు వానకి వాటంతటవి ఏర్పడినవనుకున్నారా? ఏ కౌంటుకి ఏ కాలు ఎక్కడ పడాలో చూసుకుని పేవ్‌మెంటుకి గుంటలు తవ్వించారు. వాన కనిపించడానికి నీళ్ళల్లో పాలు కలిపారని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అదేం లేదు, వెనక నుంచి లైట్లు కొట్టారు. మన కెమెరామెన్ ఎవరినడిగినా చెబుతారు, వాన సీనుకి బ్యాక్‌లైట్ లేకపోతే వానే లేదు.

ఇంకో తమాషా. ఆ సినిమా కథే డబ్బింగ్ గురించి. ఒక హీరోయిన్ గొంతు బాగోదు, వేరే అమ్మాయి తెర వెనక నిలబడి గొంతు ఇస్తుంది. ఆ గొంతిచ్చే అమ్మాయి వేషం డెబ్బీ రేనాల్డ్స్‌ది. తీరా చూస్తే అందులో ఒక పాటకి రేనాల్డ్స్‌కే బెట్టీ నోయెస్ అనే గాయని గొంతిచ్చింది. అంతకన్నా విడ్డూరం, మాటల దగ్గర, గొంతు బాగోని ఆ హీరోయిన్ వేషం వేసిన జీన్ హేగన్ సొంత గొంతే వాడారు. మా డబ్బింగ్ థియేటర్లో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు నేను అసలు చూపించాలనుకున్నది. 'ద బ్యాండ్ వాగన్', 1953, విన్సెంట్ మినెల్లి సినిమా. అస్టేర్ అందులో వయసైపోయిన సినిమా హీరో, సిడ్ చరీస్ బ్యాలే నర్తకి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి భయం. నా డ్యాన్సు వీడికి ఆనదేమో అని ఆవిడకి, నేను ముసలాణ్ణని ఇతనికి. అసలు మనిద్దరం కలిసి ఆడగలమా, చూద్దాం పద అని రాత్రిపూట గుర్రబ్బండిలో సెంట్రల్ పార్కుకి వెళ్తారు. అది నిజం పార్కు కాదు, సెట్టు.

వెయ్యండి. సౌండు కాస్త తగ్గించండి, నేను మాట్లాడతాను.

(దృశ్యం)

చూడండి, మామూలు జనం ఆడుకుంటున్నచోట వీళ్ళు ఆగలేదు. మధ్యలోంచి నడిచి వచ్చేశారు. ఇప్పుడు ఖాళీ చోటు. ఇంకా నడుస్తున్నారు. మాట లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆవిడ చెప్పులు చూడండి, మడమ ఎత్తు లేనివి, తెల్ల గౌను. ఇద్దరి నడకా ఒకే లయలో పడింది, గమనించారా? ఎప్పుడు పడిందో చెప్పగలరా? ఇదిగో, ఆవిడ ఒక్క చుట్టు తిరిగింది. ఊరికే, అలా చేసి చూద్దామన్నట్టు. ఇతను చూశాడు. ఇంకో రెండు అడుగులు నడక. ఇప్పుడు ఇతను. ఇక ఆగరు.

(కొంత విరామం)

నడక డ్యాన్సుగా మారిన ఆ చోటుని నేను ఎడిటింగ్ టేబుల్ మీద వేసుకుని ఫ్రేము ఫ్రేముగా వెతికాను. ఏదో ఒక ఫ్రేము ఉండాలి కదా, దీనికి ముందు నడక, దీని తర్వాత డ్యాన్సు అని. దొరకలేదు. పాలు ఏ క్షణాన తోడుకున్నాయో చూడగలమా? నాకు ఈ మొత్తం హాలీవుడ్ మ్యూజికల్స్‌లో అన్నిటికన్నా నచ్చేది అదే. నడక మనందరికీ వచ్చు. కాబట్టి అతను నడుస్తున్నంతసేపూ అతను నేనే. అతను మెల్లగా అటు దాటిపోతాడు, నన్ను కూడా తీసుకుని పోతాడు. నడక లేకుండా నేరుగా డ్యాన్సులోకి దూకే పాటకి నేను బయటే నిలబడి చప్పట్లు కొడతాను. బాగుంటుంది, కాని బయటే.

చివర కూడా చూడండి. మెట్లెక్కారు, ఆ లయలోనే బండెక్కారు, ఆ లయలోనే కూర్చున్నారు. ఆడగలమా అన్న ప్రశ్నకి జవాబు వచ్చేసింది, ఒక్క డైలాగు లేదు.

ఇక నికొలస్ బ్రదర్స్. ఫెయార్డ్, హెరాల్డ్, నల్లజాతి అన్నదమ్ములు. అమ్మానాన్నలు ఫిలడెల్ఫియాలో ఒక థియేటర్ ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళు. పిల్లలు ముందు సీట్లలో కూర్చుని వచ్చేపోయే కళాకారుల్ని చూసి నేర్చుకున్నారు, గురువంటూ లేడు. 1943లో 'స్టార్మీ వెదర్' సినిమాలో, క్యాబ్ క్యాలొవే బ్యాండుతో. వాయిద్యాలవాళ్ళ స్టాండుల మీద నుంచి గెంతుతారు, పియానో మీదకెక్కుతారు. తర్వాత పెద్ద పెద్ద మెట్లు. ఒకడు కూర్చున్న మెట్టు మీద నుంచి రెండోవాడు ఎగిరి, వాడి తల మీదుగా కింది మెట్టు మీద రెండు కాళ్ళూ చెరోవైపు చాపి పడతాడు. చెయ్యి ఆన్చకుండా లేస్తాడు. మళ్ళీ మొదటివాడు వీడి తల మీదుగా. అలా కిందదాకా. చూస్తుంటే నాకు తొడలు పట్టేస్తాయి. ఆ మెట్ల ముక్కని రిహార్సల్ లేకుండా ఒక్క టేకులో చేశామని ఫెయార్డ్ తర్వాత చెప్పుకున్నాడు.

అంతటివాళ్ళకి హాలీవుడ్ ఏ వేషాలిచ్చిందో తెలుసా? ఏమీ లేదు. కథలో వాళ్ళుండరు. క్లబ్బులో హీరో హీరోయిన్లు కూర్చుని ఉంటారు, వీళ్ళు వచ్చి ఆడి వెళ్ళిపోతారు. ఎందుకంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ హాళ్ళలో వేసేటప్పుడు ఆ ముక్క కత్తిరించి పక్కన పెడితే కథకి ఎక్కడా దెబ్బ తగలకూడదు. నల్లవాళ్ళ పాట అంటే ముందే కత్తెర గుర్తు పెట్టి తీసిన పాట. నేను ముప్పై ఏళ్ళు ఆ పనిముట్టు పట్టుకున్నవాణ్ణి, ఇది తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇందాక నేను పొగిడిన 'స్వింగ్ టైమ్' ఉంది చూడండి, అందులోనే అస్టేర్ ముఖానికి నల్లరంగు పూసుకుని ఒక పాట చేశాడు. నల్ల కళాకారుడు బిల్ రాబిన్సన్ మీద గౌరవంతో చేశానన్నా సరే, ఆ రంగు చూస్తే ఇవాళ ఇబ్బందిగానే ఉంటుంది. డ్యాన్సు గొప్పదే. రంగు పోదు.

టైము అయిపోతోందా? అయిదు నిమిషాలు. అడగండి.

(ప్రేక్షకుల్లోంచి: "సార్, అస్టేర్ గోడల మీద, సీలింగ్ మీద ఆడింది కూడా ఉంది కదా. మరి అది ట్రిక్కేగా?")

ట్రిక్కే. 1951లో 'రాయల్ వెడ్డింగ్', స్టాన్లీ డోనెన్ తీశాడు. గది మొత్తం ఒక పెద్ద పీపాలో కట్టి తిప్పారు. సామాన్లు నేలకి బిగించి, కెమెరాని, కెమెరామెన్‌ని కూడా గదికే కట్టేశారు. గది తిరుగుతుంటే అస్టేర్ ఎప్పుడూ అడుగు వైపే ఉన్నాడు, మనకి మాత్రం సీలింగెక్కినట్టు. మోసం గదిలో ఉంది, మనిషిలో లేదు. గోడ నేలవుతున్న ఆ క్షణానికి కాలు అక్కడ సిద్ధంగా ఉండాలి కదా. నా హీరో పాటలో మోసం మనిషిలో ఉంది, గది నిజమైనదే. (నవ్వులు)

(ప్రేక్షకుల్లోంచి: "ఇప్పుడు అలా ఎందుకు తియ్యడం లేదండీ?")

డబ్బు, టైము. అప్పుడు డ్యాన్సర్లు, ఆర్కెస్ట్రా, దర్జీలు అందరూ స్టూడియో జీతం మీద ఉండేవాళ్ళు, వారాల తరబడి రిహార్సల్స్ చేసుకునేవాళ్ళు. టీవీ వచ్చింది, స్టూడియోల చేతుల్లోంచి థియేటర్లు పోయాయి, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు. మైకేల్ జాక్సన్ తన ఆత్మకథని అస్టేర్‌కి అంకితమిచ్చాడు. ఆ జాక్సన్‌ని వీసీఆర్‌లో అరగదీసి మన కుర్రాళ్ళు నేర్చుకున్నారు. ఉత్తమ పాటకి ఆస్కార్ మొదటిసారి ఇచ్చింది 1934 సినిమాలకి. ఏ పాటకిచ్చారు? అస్టేర్, జింజర్‌ల 'గే డైవోర్సీ'లో 'కాంటినెంటల్' అనే డ్యాన్స్ పాటకి. 2023లో కీరవాణి, చంద్రబోస్ గార్లు అదే బహుమతి తెచ్చింది దేనికి? 'నాటు నాటు'కి. కట్లు లేవని అనను, బోలెడున్నాయి. కాని ఇద్దరూ భుజం భుజం కలిపి ఆ అడుగు వేసేచోట ఒళ్ళంతా ఫ్రేములో ఉంటుంది. జనం ఊగిపోయింది అక్కడే.

(ప్రేక్షకుల్లోంచి: "మీరెప్పుడైనా కట్ చెయ్యకుండా వదిలేసిన పాట ఉందా సార్?")

ఒక్కటుంది. ఇందాక చెప్పానే, ఆ మాస్టరే, వేరే సినిమా. కొత్త అమ్మాయి, శాస్త్రీయంగా నేర్చుకున్న పిల్ల. చరణం మొత్తం ఒకే షాటులో చేసింది, నిమిషం పైనే. మాస్టర్ నా వెనకే నిలబడి, "అన్నా, దీన్ని ముట్టుకోవద్దు" అన్నాడు. ముట్టుకోలేదు. నిర్మాత లాగ్ అయిందన్నాడు, డైరెక్టర్ గొణిగాడు, నేను మొండికేశాను. ఉంచారు.

విడుదలైన రెండు వారాలకి మా ఊరు వెళ్ళాను. అక్కడ హాల్లో ఆడుతోంది. మా ఆవిణ్ణి, మా అమ్మని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను, ఇదిగో ఇప్పుడొస్తుంది చూడండి అని. హీరోయిన్ గుడి మెట్ల దగ్గరకొచ్చింది, గజ్జెలు కట్టుకుంది, వంగి నేలకి దణ్ణం పెట్టింది. తర్వాత చూస్తే విలన్ జీపు.

పైకి పరిగెత్తాను. ఆపరేటర్ ఎంతో మర్యాదగా చెప్పాడు. "పాట పెద్దదండీ, సెకండ్ షోకి లేటవుతోందని తీసి పక్కన పెట్టాం. ఆ డబ్బాలోనే ఉంది, కావాలంటే తీసుకెళ్ళండి."